ఎనిమిదో తరగతి డ్రాయింగ్ పీరియడ్‌కి పెద్దగా ఖర్చు లేని ప్రాజెక్టులు చెప్పండి

కుంచె_కొత్తది (ప్రకాశం జిల్లా)

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేరాను. ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లు, ఒక్కో దాంట్లో యాభై మందికి దగ్గరగా ఉన్నారు. వారానికి ఒక్క పీరియడ్, నలభై నిమిషాలు. పరీక్షలు దగ్గర పడితే అది కూడా లెక్కలకో సైన్సుకో వెళ్లిపోతుంది. బల్లలు లేవు, పిల్లలు కింద కూర్చుని ప్యాడ్ ఒళ్లో పెట్టుకుని గీస్తారు.

"మీకిష్టమైన బొమ్మ గీయండి" అంటే సగానికి పైగా ఒకటే బొమ్మ. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి ఏరు, పక్కన గుడిసె, ఒక కొబ్బరిచెట్టు, పైన పక్షులు. మా ఊరికి కనుచూపు మేరలో కొండ లేదు, ఏరూ లేదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్లు ఉన్నాయి, సుబాబుల్ తోటలు ఉన్నాయి, చెరువు గట్టు ఉంది. వాటిని ఒక్కరూ గీయలేదు. మిగతావాళ్లు ఫోన్లో చూసిన కార్టూన్ బొమ్మలు దించారు.

పిల్లలు తమ కళ్లతో చూసి గీయాలంటే ఏ ప్రాజెక్టులు పనికొస్తాయి? రంగులు కొనే స్తోమత అందరికీ లేదు, దానికేం చేయాలి? వీడియోల్లో చూసినవి కాకుండా మీరు చేయించినవి, చేసినవి చెబితే మేలు.


బొగ్గు_పెన్సిల్ (హైదరాబాద్)

మేడం, మీ మొదటి ప్రాజెక్టు క్లాసు గుమ్మం బయటే ఉంది. చెప్పులు!

ఎవరి చెప్పు వాళ్లు తెచ్చి ఎదురుగా పెట్టుకోవాలి. జత వద్దు, ఒక్కటి చాలు. బొమ్మ పేజీ నిండా రావాలి. మొదటి పది నిమిషాలు రబ్బరు ముట్టుకోకూడదు. మడమ దగ్గర అరిగిన చోటు, బొటనవేలు ఆనిన ముద్ర, పట్టీ కుట్లు, అన్నీ రావాలి. కొండా సూర్యుడూ అయితే చిన్నప్పటి నుంచి చేతికి కంఠతా వచ్చేశాయి, చూడాల్సిన పని లేదు. చెప్పు అలా రాదు. చూసి తీరాలి.

అయ్యాక చెప్పులన్నీ ఒక వరసలో, బొమ్మలన్నీ ఇంకో వరసలో పెట్టండి. ఏ బొమ్మ ఏ చెప్పుదో పిల్లల్నే కనిపెట్టమనండి. మీరు మార్కులు వేయక్కర్లేదు, ఎక్కడ కుదిరిందో ఎక్కడ తప్పిందో వాళ్లే మాట్లాడుకుంటారు. పెన్సిల్ 2బి (మెత్తగా, నల్లగా గీసేది) ఉంటే మంచిది, లేకపోతే మామూలు హెచ్‌బీతోనే కానివ్వండి.


ఇద్దరు_పిల్లల_అమ్మ (విజయవాడ)

ఐడియా బాగుంది కానీ ఒక్క మాట. తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని వచ్చే పిల్లలు ఉంటారు. అందరి ముందూ వరసలో పెడితే ఆ పిల్ల ఎంత ముడుచుకుపోతుందో ఆలోచించండి. ఆ వయసులో అది చిన్న విషయం కాదు.


బొగ్గు_పెన్సిల్ (హైదరాబాద్)

నిజమే అండీ, ఆ జాగ్రత్త కావాలి. అందుకే టీచర్ ముందు తన పాత చెప్పు తెచ్చి, బాగా అరిగింది, బోర్డు మీద గీసి చూపించాలి. కొత్త చెప్పులో గీయడానికేం ఉండదు, అరిగిన దాంట్లోనే ఉంటుందని అప్పుడు పిల్లలకు కళ్లకు కడుతుంది. అయినా ఇబ్బంది అనిపిస్తే చెప్పు బదులు టిఫిన్ డబ్బా, వాటర్ బాటిల్, తాళంకప్ప, గొడుగు, ఏదైనా సరే. ఎదురుగా ఉండాలి, చేత్తో తిప్పి చూడగలగాలి, అంతే.


పాత_మాస్టారు (రాజమహేంద్రవరం)

అమ్మా, ఉద్యోగ జీవితమంతా హైస్కూలు డ్రాయింగ్ మాస్టారుగానే గడిపిన వాడిని. చూసి గీయించడం ఉత్తమం, కాదనను. కానీ ఈ రోజుల్లో కాపీ అనగానే పాపం అన్నట్టు మాట్లాడుతున్నారు. అది నాకు నచ్చదు. గళ్ల పద్ధతి ఉంది కదా. బొమ్మ మీద అంగుళం గళ్లు, చార్టు మీద రెండంగుళాల గళ్లు కొట్టి, గడి తర్వాత గడి దించడం. అలా దించుతుంటే కొలత మీద పట్టు వస్తుంది, ముక్కుకీ చెవికీ మధ్య ఎంత ఖాళీ ఉందో కంటికి ఆనుతుంది. ప్రభుత్వం పెట్టే లోయర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షకు కూర్చునే పిల్లలకు ఫ్రీహ్యాండు (స్కేలు లేకుండా చేత్తో గీయడం), మోడల్ డ్రాయింగు (ఎదుట పెట్టిన వస్తువు చూసి గీయడం) రెండూ రావాలి. సాధన లేకుండా చెయ్యి తిరగదు.

ఇక వస్తువు గీయించేటప్పుడు ఇత్తడి చెంబుతో మొదలుపెట్టండి. తొంభై శాతం పిల్లలు చెంబు మూతిని గుండ్రంగా గీసి అడుగు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా గీస్తారు. దానికి ఉపన్యాసం అక్కర్లేదు. స్టీలు గ్లాసొకటి చేతికివ్వండి. కంటికి సరిగ్గా ఎదురుగా పట్టుకుంటే మూతి ఒక గీతలా ఉంటుంది. కొంచెం కిందికి దించితే సన్నగా తెరుచుకుంటుంది. ఇంకా దించితే ఇంకా వెడల్పవుతుంది. అడుగు మనకు మూతి కన్నా కిందుగా ఉంది కాబట్టి దాని వంపు మూతి వంపు కన్నా ఇంకాస్త ఎక్కువే ఉండాలి. అది ఒకసారి కంటికి తెలిస్తే బిందె, బకెట్, లారీ టైరు, గుడి ధ్వజస్తంభం పీఠం, అన్నీ వచ్చేస్తాయి.

మా ఊళ్లో దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉంది. 1897లో పుట్టి 1925లో మశూచికంతో పోయారు, నిండా ముప్పై ఏళ్లు కూడా బతకలేదు. మా ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆయన చేతి చలవ గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించారు. అడవి బాపిరాజు గారు కూడా ఆ దొర శిష్యులే. మంచి మాస్టారి కంట పడితే ఏమవుతుందో చెప్పడానికి నేను ప్రతి బ్యాచ్‌కీ ఈ కథ చెప్పేవాణ్ని.


బొగ్గు_పెన్సిల్ (హైదరాబాద్)

మాస్టారూ, మీ చెంబు పాఠానికి దండం. గళ్ల పద్ధతి మీద నా అభ్యంతరం పద్ధతి గురించి కాదు, దేన్ని దించుతున్నారన్న దాని గురించి. కార్టూన్ బొమ్మను దించితే అప్పటికే ఎవరో సులువు చేసి పెట్టిన గీతల్ని మళ్లీ గీయడమే. అదే ఇంట్లో నాయనమ్మ ఫొటో జిరాక్స్ తీసి గళ్లు కొడితే? ముడతలు, ముక్కుపుడక, చెవి తమ్మె సాగిన తీరు, అన్నీ పిల్లవాడే తేల్చుకోవాలి. మీరనే కొలతా వస్తుంది, నేననే చూపూ వస్తుంది.


పాత_మాస్టారు (రాజమహేంద్రవరం)

నాయనమ్మ ఫొటో మాట బాగుంది బాబూ. ఒప్పుకుంటాను. జిరాక్స్ కాస్త లేతగా తీయించమనండి, ముదురుగా ఉంటే గళ్లు కనపడవు.


చుక్కల_ముగ్గు (గుడివాడ)

నేను లెక్కల టీచర్ని. మీ పీరియడ్ అడిగి తీసుకునే జాతి మాది, అందుకే పీరియడ్ పంచుకునే ప్రాజెక్టు చెబుతున్నాను.

ముగ్గు. సంక్రాంతి పోటీల్లో వేసే రంగుల ముగ్గు కాదు, మెలికల ముగ్గు. మధ్య వరసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ సందు చుక్కలతో ఒక్కోటి తగ్గించుకుంటూ 8 వరకూ వెళ్లమనండి. ఆరు మూలల ఆకారం వస్తుంది. మొత్తం చుక్కలెన్నో లెక్కపెట్టకుండా చెప్పమంటే క్లాసంతా నోట్‌బుక్ తీస్తుంది. 169 వస్తాయి, అంటే 13 వర్గం. ఇది చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడాలి.

తర్వాత డ్రాయింగ్ పని. గీత చుక్కను తాకకూడదు, ప్రతి చుక్కనూ చుట్టి రావాలి, మొదలుపెట్టిన చోటికే చేరాలి. ఎనిమిదో తరగతికి 15 చుక్కలు మొదట్లోనే కష్టం, కాబట్టి సరి చుక్కలు, 5 వరసల్లో 5, పెట్టి మొదలెట్టండి. పెన్సిల్‌తో వద్దు, నేల మీద సుద్దతో వేయించండి. భుజం కదిలితేనే వంపు సాఫీగా వస్తుంది, పెన్సిల్ పట్టుకుంటే వేళ్లు మాత్రమే కదులుతాయి. మగపిల్లలు మొదట "ఇది అమ్మాయిల పని" అంటారు. వినిపించుకోకండి. రెండో వారానికి మెలికలు బాగా పట్టుకునేది వాళ్లే.


కుంచె_కొత్తది (ప్రకాశం జిల్లా)

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇన్ని వస్తాయనుకోలేదు. మా లెక్కల సార్‌కి 169 సంగతి చెప్పాను, వరండా మొత్తం వాడుకోమన్నారు!

రంగుల గురించి కూడా చెప్పరా? ఒక సెక్షన్లో పదిమందికి వాటర్ కలర్ బిళ్లల పెట్టె ఉంది, కొందరి దగ్గర విరిగిన క్రేయాన్లు. మిగతావాళ్లు పక్కవాళ్ల వైపు చూస్తూ కూర్చుంటారు. అది చూడలేకపోతున్నాను.


పాత_మాస్టారు (రాజమహేంద్రవరం)

ఎవరి పెట్టె వాళ్లది అన్న పద్ధతి తీసేయండి. స్కూలు తరఫున పోస్టర్ కలర్ పెద్ద సీసాలు నాలుగే కొనండి. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు. నలుపు కొనొద్దు. నలుపు చేతికి దొరికితే పిల్లలు ప్రతి రంగునూ దానితోనే ముదురు చేస్తారు, బొమ్మ మొత్తం మసి పట్టినట్టవుతుంది. ముదురు కావాలంటే నీలానికి కాస్త ఎరుపు, పసుపు కలిపి తెచ్చుకోవాలి. పాత ప్లాస్టిక్ గుడ్ల ట్రేలు రంగు కలుపుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఐదుగురికి ఒక ట్రే ఇచ్చి, ప్రతి గుంటలో చెంచాడు రంగు మీరే వేయండి. మామూలు నోట్‌బుక్ కాగితం తడికి ఉబ్బి చిరుగుతుంది. పెళ్లి శుభలేఖల వెనక వైపు మందంగా ఉంటుంది, చిన్న బొమ్మలకు హాయిగా నిలుస్తుంది.


ఇద్దరు_పిల్లల_అమ్మ (విజయవాడ)

రంగులు కలపడం గురించి వచ్చింది కాబట్టి నాకు బాగా పట్టిన విషయం ఒకటి రాస్తాను. క్రేయాన్ పెట్టెల్లో "స్కిన్ కలర్" అని ఒక లేత గులాబీ ఉంటుంది. మా పాప చామనఛాయ, తన బొమ్మ గీసుకున్న ప్రతిసారీ మొహానికి ఆ గులాబీయే వేసేది. అమ్మ బొమ్మకూ అదే, తాతయ్య బొమ్మకూ అదే. చూస్తుంటే గుండె కలుక్కుమనేది.

మా బాబు స్కూల్లో ఒక టీచర్ ఒక ప్రాజెక్టు చేయించారు. ఎవరి చేతి రంగు వాళ్లు కలుపుకోవాలి. ముందు పసుపులో ఎరుపు, నారింజ అవుతుంది. అందులో సూది మొనంత నీలం. ఒక్కసారిగా మట్టిరంగు వచ్చేస్తుంది. అక్కడి నుంచి తెలుపుతోనో పసుపుతోనో ఇంకాస్త నీలంతోనో సర్దుకుంటూ వెళ్లాలి. కాగితం ముక్క మీద రాసి, ఆరాక ముంజేతి మీద ఆనించి చూసుకోవాలి. ఆరితే రంగు మారుతుంది కాబట్టి ఆరే వరకూ ఆగాలి. సరిపోయాక ఆ రంగుతో అరచేతి బొమ్మ. అరచేయి ఒక రంగు, వెనకవైపు ఒక రంగు, గోరు దగ్గర ఇంకో రంగు అని మా వాడు ఇంటికొచ్చి మా అందరి చేతులూ పరీక్ష చేశాడు.

ఆ టీచర్ ఒక నియమం గట్టిగా పెట్టారట. "తెలుపు, నలుపు" అన్న మాటలు ఎవరూ వాడకూడదు, ప్రతి ఒక్కరూ తమ రంగుకి తినే వస్తువు పేరో చెట్టు పేరో పెట్టుకోవాలి. బెల్లం, చింతపండు, తాటికల్కండ, వేరుశనగ పొట్టు, ఇలా. మా వాడిది "కాఫీలో పాలు ఎక్కువైన రంగు". ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది.


అట్లాంటా_తెలుగు

పైది చదివి మా ఆవిడకు కూడా వినిపించాను. ఇక్కడ మా అమ్మాయి మిడిల్ స్కూల్లో ఆర్ట్ క్లాసులో మంచి అలవాటు ఒకటి ఉంది. పూర్తయిన బొమ్మ ఒక్కటే చూసి గ్రేడ్ ఇవ్వరు. చిన్న చిన్న చిత్తు బొమ్మలు, రంగులు కలిపి చూసుకున్న ముక్కలు, మార్చిన గీతలు, అన్నీ స్కెచ్ బుక్‌లో ఉండాలి. దానివల్ల ఇంట్లో మేం గీసి ఇచ్చే వీల్లేదు! మన దగ్గర ప్రాజెక్టు అంటే అమ్మానాన్నల పని అయిపోయింది, స్టేషనరీ షాపులో రెడీమేడ్ చార్టు కూడా దొరుకుతోంది. కుంచె గారూ, చిత్తు కాగితాలకే సగం గ్రేడ్ పెట్టి చూడండి.


కాళహస్తి_కలం (శ్రీకాళహస్తి)

రంగులు కొనకుండా వచ్చే దారి చెబుతాను. మా ఇంట్లో కలంకారీ పని ఉంది.

ముందు తేలికైనవి. పసుపు నీళ్లలో సున్నం కలిపితే పారాణి ఎరుపు. సున్నం మీరే కలపండి, పిల్లల చేతికివ్వొద్దు, కంట్లో పడితే ప్రమాదం. శంఖు పూలు గోరువెచ్చని నీళ్లలో పిసికితే నీలం, అందులో నిమ్మచుక్క వేస్తే కళ్లెదుటే ఊదా. ఎర్రమట్టి జల్లించి తుమ్మజిగురు నీళ్లతో కలిపితే జేగురు రంగు, అది ఎన్నేళ్లయినా పోదు. పసుపు, పూల రంగులు మాత్రం ఎండ తగిలితే వెలిసిపోతాయి, అది పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే నెల తిరిగేసరికి బాధపడతారు.

ఇక అసలైనది నలుపు. తుప్పు పట్టిన మేకులు, ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు ఒక కుండలో వేసి మూతికి గుడ్డ కట్టి రెండు మూడు వారాలు పక్కన పెట్టాలి. దాన్ని మేం కసిం అంటాం. వాసన భరించాలి, క్లాసు గదిలో పెట్టకండి. ఇంకో పక్క తెల్ల నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి, పిండి, నీడలో ఆరేయాలి. గేదె పాలైతే మేలు, వెన్న ఉంటే గీత పక్కకు పాకదు. ఆరిన గుడ్డ లేత పసుపుగా ఉంటుంది. వెదురు పుల్ల చివర చెక్కి, పైన గుడ్డపేలిక చుట్టి దారం కడితే కలం అవుతుంది. ఆ పేలికను కసింలో తడిపి మెల్లగా నొక్కుతూ గీస్తే గీత పడిన క్షణంలో పలచగా ఉండి, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. మీ సైన్సు టీచర్ని పిలిచి చూపించండి, వాళ్ల పీరియడ్ కూడా మీకే ఇస్తారు.

గీత చెరపడానికి ఉండదు. అందుకే మేం ముందు చింతబరికె బొగ్గుతో పలచగా వేసుకుని తర్వాత కలం పెడతాం. పిల్లలూ అలాగే చేయాలి.


సిద్దిపేట_బిడ్డ (సిద్దిపేట)

మా చేర్యాల గురించి ఎవరూ రాయకుంటే నేను ఊరుకోను. మీరు అడిగిన "మన ఊరు గీయడం"కి చేర్యాల పటం కన్నా మంచి దారి లేదు.

పటం అంటే పొడవాటి గుడ్డ. గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూతేసి దాని మీద నకాశీ వాళ్లు, అంటే పటాలు గీసే కళాకారులు, కథ గీస్తారు. అడ్డంగా గీతలు కొట్టి గడులు చేస్తారు, పై నుంచి కిందికి కథ నడుస్తుంది, వెనకంతా ఎర్రటి ఎరుపు. పటం చూపించి కథ చెప్పే కూనపులి వాళ్లు దాన్ని విప్పుకుంటూ పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్తారు. అంటే అది గోడకు తగిలించే బొమ్మ కాదు, చెప్పే బొమ్మ.

ప్రాజెక్టు ఇది. "మా ఇంటి నుంచి బడికి దారి." ఒక్కో పిల్లవాడికి అర చార్టు. దారిలో ఏమేం ఉన్నాయో అన్నీ గీయాలి. హోటల్, బోరింగ్, వేపచెట్టు కింద కూర్చునే ముసలాయన, కరెంటు మోటరు, మీ దిక్కు పొగాకు బ్యారన్. దూరం దగ్గర అన్న లెక్క పటంలో లేదు, ముఖ్యమైనది పెద్దగా, కానిది చిన్నగా. ఇది పిల్లలకు పెద్ద వెసులుబాటు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి "నాకు దూరం వేయరాదు, నాకు డ్రాయింగ్ రాదు" అని చెయ్యి ముడుచుకుంటారు. ఇక్కడ ఆ టెన్షనే లేదు. వెనక రంగు మాత్రం అందరిదీ ఒకటే ఎరుపు పెట్టండి, అన్నీ కలిపి అతికిస్తే ఒకే పటం అయితది.

అతికించాక పేరెంట్స్ మీటింగ్ రోజు ఇద్దరు పిల్లలు పట్టుకుని విప్పుతుంటే మిగతావాళ్లు ఎవరి గడి దగ్గర వాళ్లు నిలబడి కథ చెప్పాలి. మాట్లాడని పిల్లలు కూడా తమ గడి గురించి మాట్లాడతారు.


చుక్కల_ముగ్గు (గుడివాడ)

ఇది మా స్కూల్లో ఈ ఏడాదే చేయిస్తాం. మా పిల్లలకు కాలవ, లాకులు, వరికుప్పలు వస్తాయి.


బొగ్గు_పెన్సిల్ (హైదరాబాద్)

చిన్న సంగతి, కానీ ప్రతి డ్రాయింగ్ టీచర్‌కీ తెలియాలి. ఎవరైనా అబ్బాయి ఆకులకు గోధుమరంగు, మట్టికి ఆకుపచ్చ వేస్తే వెంటనే తిట్టొద్దు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని పిల్లలు ఉంటారు, అది మగపిల్లల్లోనే ఎక్కువ. నేను అలాంటి వాణ్నే. సీసాల మీద రంగు పేరు మార్కర్‌తో రాసిపెడితే చాలు. నలుపు తెలుపుల్లో చేసే పనులు, బొగ్గు బొమ్మ, కసిం గీత లాంటివి, వాళ్లకు మిగతా అందరితో సమానంగా వస్తాయి.


కుంచె_కొత్తది (ప్రకాశం జిల్లా)

అందరికీ అప్‌డేట్. ఒక సెక్షన్లో చెప్పు బొమ్మ అయింది. నా పాత చెప్పు గీసి చూపించాకే మొదలుపెట్టాను. ఒక అమ్మాయి, క్లాసులో నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడదు, పట్టీ మీద ఊడిపోయిన పూసల చోట మిగిలిన దారం పోగులు కూడా గీసింది. చుట్టూ మూగి చూశారు. కొండల బొమ్మ వేసే అబ్బాయి "ఇంకొక పీరియడ్ ఇవ్వండి టీచర్, మడమ దగ్గర కుదర్లేదు" అన్నాడు. గ్లాసు పాఠం వచ్చే వారం. దారి పటానికి హెడ్మాస్టర్ గారు చార్టులు ఇప్పిస్తానన్నారు.

అన్ని బొమ్మలూ గోడకు పెట్టాలా, బాగున్నవే పెట్టాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇంకో మాట, కాళహస్తి గారూ, యాభై మందికి కరక్కాయ పొడి ఎంత కావాలి?


పాత_మాస్టారు (రాజమహేంద్రవరం)

అన్నీ పెట్టండమ్మా. గోడ సరిపోకపోతే వరండాలో దారం కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. వారం వారం వరస మార్చండి, చివర్న ఉన్నవి మొదటికి రావాలి. ప్రతి బొమ్మ కింద పిల్లవాడి పేరు వాడి చేతి రాతతోనే ఉండాలి.


కాళహస్తి_కలం (శ్రీకాళహస్తి)

చేతిరుమాలంత ముక్కలైతే పావుకిలో పొడి సరిపోతుంది అక్కా. లీటరు పాలు, రెండు లీటర్ల నీళ్లు. ఆయుర్వేదం మందుల కొట్లో దొరుకుతుంది, గింజ తీసేసిన పెచ్చుల పొడి అని అడగండి. గుడ్డ కొత్తదైతే ముందు రోజు రాత్రి నానబెట్టి, ఉతికి గంజి పోగొట్టాలి, లేకపోతే కరక్కాయ పట్టదు. కసిం కుండ మాత్రం ఈ వారమే పెట్టేయండి, దానికే టైం పట్టేది.